రాయవేలూరు ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడ్డర్

మన చిత్తూరు జిల్లాలో జబ్బు ముదిరిందంటే పెద్దవాళ్ళు మొదట చెప్పేది, రాయవేలూరు సి.ఎం.సి.కి తీసుకుపొండి అని. ఆ ఖర్చుల కోసం సంఘంలో అప్పు తీసుకున్న సభ్యులూ మాలో ఉన్నారు. కానీ ఆ ఆసుపత్రిని మొదలుపెట్టింది ఒక ఆడమనిషి అని చాలామందికి తెలీదు. అందుకే ఈ ఏడు ఆమె గురించి రాస్తున్నాము.

ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో పుట్టింది. వాళ్ళది అమెరికా నుంచి వచ్చిన మిషనరీ కుటుంబం, తండ్రి డాక్టరు. ఆమె మాత్రం డాక్టరు కావాలని గానీ, ఈ దేశంలో ఉండిపోవాలని గానీ అనుకోలేదు. అమెరికాలో చదువుకుంటూ, తల్లికి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి తిండివనం వచ్చింది.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆమె దగ్గరికి వచ్చారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమైంది. నాకు వైద్యం రాదు, మా నాన్న వస్తాడు అని ఆమె చెప్పింది. మగ డాక్టరును లోపలికి రానివ్వం అని వాళ్ళు వెళ్ళిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. అప్పుడు ఆమె డాక్టరు చదవాలని నిర్ణయించుకుంది.

1899లో అమెరికాలో డాక్టరు చదువు ముగించింది. ఒక దాత తన భార్య జ్ఞాపకంగా ఇచ్చిన 10 వేల డాలర్లతో తిరిగి వచ్చింది. 1902లో వేలూరులో ఆడవాళ్ళ కోసం 40 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆపరేషన్లూ తనే చేసేది. నర్సులు లేకపోతే సలోమి అనే ఆమెకు పని నేర్పి పక్కన నిలబెట్టుకుంది. ఆసుపత్రికి రాలేనివాళ్ళ కోసం పల్లెదారుల్లో చెట్ల కింద ఆగి మందులిచ్చేది.

ఎంత చేసినా ఒక్క డాక్టరమ్మ ఎంతమందిని కాపాడగలదు? అందుకే 1909లో నర్సింగ్ బడి, 1918లో ఆడపిల్లలకు వైద్యం నేర్పే బడి పెట్టింది. ఆడపిల్లలు ఎవరొస్తారని అధికారులు అనుమానపడ్డారు. 1922లో మొదటి జట్టులో 14 మంది డాక్టర్లయి బయటికొచ్చారు.

తర్వాత ప్రభుత్వం ఎం.బి.బి.ఎస్. చదువే ఉండాలంది. దానికి పెద్ద కట్టడాలు, ఎక్కువమంది డాక్టర్లు కావాలి. ఆమె డెబ్బై ఏళ్ళ వయసులో మళ్ళీ అమెరికా వెళ్ళి ఊరూరూ తిరిగి డబ్బు కూడగట్టింది. 1942లో అనుమతి వచ్చింది. 1947 నుంచి మగపిల్లలనూ చేర్చుకున్నారు. ఆమె 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు.

అక్కచెల్లెళ్ళారా, కూతురి పెళ్ళికి అప్పు అడిగినంత ధైర్యంగా కూతురి చదువుకు మనం అడగం. మన ఊళ్ళలో నర్సింగ్ చదవాలని ఉన్న పిల్లలున్నారు. వచ్చే గ్రామ సంఘం మీటింగులో వాళ్ళ పేర్లు రాయించండి. ఎవరి చదువు డబ్బు లేక ఆగిందో అక్కడే మాట్లాడుకుందాం.