తంతి కనుగొన్న చిత్రకారుడు

1791లో అమెరికాలో జన్మించిన శామ్యూల్ మోర్స్ వృత్తిచే చిత్రకారుడు. 1825లో ఆయన వాషింగ్టన్‌లో సేనాని లఫాయెత్ చిత్రము గీయుచుండగా న్యూహేవెన్‌లో భార్య లుక్రీషియా మరణించెను. తండ్రి వ్రాసిన జాబు అంది, ఇల్లు చేరునప్పటికి ఖననము సైతము ముగిసెను. ఆ దుఃఖమే తంతిని కనుగొనజేసినదనుట అతిశయోక్తి. ఆ యోచన 1832లో ఓడలో విద్యుదయస్కాంతమును గూర్చి జరిగిన సంభాషణ వలన కలిగినది. అయినను, గుఱ్ఱపు వేగమును మించి వార్త నడువని కాలపు బాధ ఆయనకు అనుభవైకవేద్యము.

1844 మే 24న వాషింగ్టన్ నుండి సుమారు 40 మైళ్ల దూరమునగల బాల్టిమోరుకు చుక్కలు, గీతలుగా వార్త క్షణములో చేరెను. 1872లో మోర్స్ మరణించెను.

ఆయన సంకేతలిపి మన తంతి కార్యాలయములకును వచ్చినది. పల్లెలలో తంతి వచ్చినదనగానే, విప్పి చదువకమునుపే ఇంటిల్లిపాది ఏడ్చెడివారు. 2013 జులైలో మన దేశమున ఆ సేవ ఆగిపోయెను. నేటి విద్యార్థికి తంతియన్న వీణ తీగయే.