కడలి అడుగుకి కెమెరా పెట్టె: లూయీ బూటాన్ జీవితం

ఇవాళ చేతిలో మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్ళు సముద్రంలోకి దిగాలంటే ముందు వెతుక్కునేది దానికి సరిపోయే పెట్టె. దాన్ని హౌసింగ్ అంటారు. ప్లాస్టిక్‌వి ఉన్నాయి, అల్యూమినియంవి ఉన్నాయి. ఒక్కోసారి పెట్టె ఖరీదు కెమెరా ఖరీదుని మించిపోతుంది. ఏది కొనాలో తెలీక తల పట్టుకునేవాళ్ళు చాలామంది. కానీ కొనుక్కుందామన్నా దుకాణంలో ఒక్క పెట్టె కూడా లేని రోజులు ఉండేవి. అలాంటి రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటి మూడు పెట్టెలు చేయించుకుని, మూడింటినీ నీళ్ళలో పరీక్షించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ బూటాన్.

బూటాన్ 1859లో వెర్సాయ్‌లో పుట్టారు. చదివింది జీవశాస్త్రం. 1880లో మెల్‌బోర్న్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరిగినప్పుడు ఫ్రాన్సు ప్రభుత్వం తరఫున అక్కడికి వెళ్ళారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఒకటి, అంటే మనకంటే ఒకటి రెండేళ్ళు పెద్ద, అంతే. ఆస్ట్రేలియాలో ఏడాదికి పైగా ఉండి అక్కడి జంతువుల్ని పరిశీలించి తిరిగొచ్చారు. తర్వాత ఆయన మనసు సముద్రపు నత్తల మీదకి మళ్ళింది. ఫిస్సురెల్లా అని ఒక నత్త ఉంటుంది. దాని గుల్ల నడినెత్తిన చిన్న కన్నం ఉంటుంది. దాని మీద ఆయన లోతుగా పరిశోధన చేశారు.

నత్తల్ని బల్ల మీద పెట్టి కోసి చూడొచ్చు. కానీ అవి బతికే చోట ఎలా ఉంటాయి? దేన్ని పట్టుకుని పాకుతాయి? వాటి పక్కన ఏం మొలుస్తుంది? ఇవన్నీ తెలియాలంటే మనిషే దిగాలి. ఫ్రాన్సుకి దక్షిణాన, స్పెయిన్ సరిహద్దు దగ్గర, మధ్యధరా సముద్రం ఒడ్డున బాన్యుల్స్ అనే ఊరుంది. అక్కడ లకాజ్-ద్యూతియే అనే పెద్దాయన ఒక సముద్ర పరిశోధనశాల స్థాపించారు. దాని పేరు అరాగో ప్రయోగశాల. ఫోటో తీసే విద్యని 1839లో లోకానికి ప్రకటించిన శాస్త్రవేత్త కూడా ఈ అరాగోనే. ఆ పేరున్న చోటే నీటి అడుగున ఫోటోగ్రఫీ ఎదగడం చక్కని యాదృచ్ఛికం.

బూటాన్ అక్కడ రాగి శిరస్త్రాణం, బరువు బూట్లు, రబ్బరు దుస్తులు వేసుకుని సముద్రంలోకి దిగడం నేర్చుకున్నారు. పడవ మీద మనుషులు పంపు కొడుతుంటే గొట్టం ద్వారా గాలి వచ్చేది. కింద చూసిన అందం ఆయన్ని వదల్లేదు. అయితే పైకొచ్చి చెబితే ఎవరు నమ్ముతారు? బొమ్మ వేద్దామంటే ఆ దుస్తుల్లో చెయ్యి కదలదు. వర్ణించి రాద్దామంటే అది ఒక మనిషి మాటే అవుతుంది, సాక్ష్యం కాదు. అందుకే ఆయనకి ఫోటో కావాల్సొచ్చింది.

ఈ ఆలోచన అంతకుముందు ఎవరికీ రాలేదని కాదు. 1856లోనే ఇంగ్లండులో విలియం థాంప్సన్ అనే ఆయన కెమెరాని ఒక పెట్టెలో పెట్టి, పడవ మీంచి సముద్రంలోకి దించి ఒక ఫోటో తీశారు. ఆ పెట్టెలోకి నీళ్ళు వచ్చేశాయి, ఫోటో కూడా మసగ్గానే వచ్చింది. పైగా ఆయన పడవలోనే కూర్చున్నారు. బూటాన్‌కి అలా కాదు, కెమెరాతో పాటు తానూ కిందికి వెళ్ళాలి.

1893లో మొదటి పెట్టె తయారైంది. దాని రూపకల్పనలో ఆయన తమ్ముడో అన్నో అయిన ఇంజనీరు ఒగ్యూస్త్ చెయ్యి ఉంది. ప్రయోగశాల మెకానిక్ జోసెఫ్ దవీద్ దాన్ని తయారుచేశారు. చిన్న కెమెరాని నీళ్ళు చొరని రాగి పెట్టెలో పెట్టారు. అద్దం బిగించిన కిటికీ లోంచి లెన్సు చూస్తుంది. ప్లేటు మార్చడానికి, మూత తియ్యడానికి బయట మీటలు. అసలు తెలివంతా పెట్టెకి తగిలించిన రబ్బరు తిత్తిలో ఉంది. నీళ్ళలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. బయట ఒత్తిడి పెరిగి లోపల పెరక్కపోతే నీళ్ళు ఏ సందు దొరికినా దూరతాయి. గాలి నింపిన తిత్తిని సముద్రమే నొక్కుతుంది, ఆ గాలి పెట్టెలోకి వెళ్తుంది, లోపలా బయటా ఒత్తిడి సమానమవుతుంది. శత్రువు బలంతోనే శత్రువుని ఆపడం అన్నమాట.

పెట్టె నిలిచింది కానీ వెలుతురు చాల్లేదు. ఒక్కో ఫోటోకి అరగంట దాకా ప్లేటుని తెరిచి ఉంచాల్సి వచ్చేది. అరగంటలో చేప ఆగుతుందా? రాళ్ళూ నాచూ మాత్రం ఓపిగ్గా నిలబడ్డాయి. ఇలా కాదని షోఫూర్ అనే విద్యుత్ ఇంజనీరు సాయంతో కొత్త దీపం చేశారు. ఆక్సిజన్ నింపిన గాజు బుడ్డిలో మెగ్నీషియం తీగ పెట్టి కరెంటుతో వెలిగించాలి. వెలుగు వచ్చింది, దాంతో పాటు బుడ్డి పేలే ప్రమాదమూ వచ్చింది. తర్వాత ఇంకో పద్ధతి పట్టారు. రెండు వందల లీటర్ల పీపాలో ఆక్సిజన్ నింపి, దాని మీద గాజు గంట బోర్లించి, లోపల స్పిరిట్ దీపం పెట్టారు. రబ్బరు బుడగ నొక్కితే మెగ్నీషియం పొడి మంట మీద పడి భగ్గుమంటుంది. అంత పీపాని నీళ్ళలోకి ముంచడానికి ఎన్ని బరువులు కట్టాలో ఊహించుకోండి!

రెండో పెట్టె విషయంలో బూటాన్ తలకిందులుగా ఆలోచించారు. నీళ్ళు రాకుండా ఆపడం ఇంత కష్టమైతే, రానిద్దాం అనుకున్నారు. ప్లేట్లకి పూత పూసి, కెమెరా లోపలికి సముద్రపు నీటినే వదిలారు. ఒత్తిడి గొడవ తీరిపోయింది కానీ ఫోటోలు బాగా రాలేదు. గాలిలోంచి గాజులోకి వెళ్ళినప్పుడు కాంతి వంగినంతగా నీటిలోంచి వెళ్ళినప్పుడు వంగదు. గాలి కోసం చేసిన లెన్సు నీళ్ళలో సగానికి పైగా బలం పోగొట్టుకుంటుంది. కాబట్టి మళ్ళీ నీళ్ళు చొరని పెట్టెకే వచ్చారు.

మూడోది పెద్దది. బరువు కూడా చాలా ఎక్కువ. దాన్ని తేలికపరచడానికి ఖాళీ పీపాకి వేలాడదీసేవారు. ఈసారి మెగ్నీషియం బదులు బ్యాటరీలతో వెలిగే ఆర్క్ దీపాలు. 1899లో మనిషి దిగకుండానే, పడవ మీంచి కరెంటుతో మీట కదిలించి 50 మీటర్ల లోతులో ఫోటో తీశారు. అదే ఏడాది రొమేనియా శాస్త్రవేత్త ఎమిల్ రకోవిత్సా డైవింగ్ దుస్తుల్లో నీటి అడుగున నిలబడి ఉండగా తీసిన ఫోటో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఈ అనుభవాలన్నీ బూటాన్ 1900లో పుస్తకంగా వేశారు. ఆ పుస్తకం మీద పేరు ఒక్కరిదే. కానీ ఒగ్యూస్త్, దవీద్, షోఫూర్ లేకపోతే ఆ పుస్తకమే లేదు. అందుకే ఈ పేర్లు ఇక్కడ వరసగా రాశాను.

ఆ తర్వాత ఆయన జీవితం వేరే దారి పట్టింది. ఫ్రెంచి పాలనలో ఉన్న ఇండోచైనాకి వెళ్ళి హనోయ్‌లో పనిచేశారు. మన యానాం కూడా అప్పుడు ఫ్రెంచివాళ్ళ కిందే ఉండేది. తిరిగొచ్చాక బోర్దో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. ఒక గిబ్బన్ కోతిని పెంచి, అది చేసే శబ్దాలకి అర్థాలేమిటో గమనించి 1913లో ప్రచురించారు. జపానులో మికిమొటో పెంచిన ముత్యాలు యూరప్ బజారుకి వచ్చి, అవి నకిలీవని వర్తకులు గొడవ చేసినప్పుడు, అవీ ముత్యాలేనని చెప్పిన శాస్త్రవేత్తల్లో ఈయన ఒకరు. చివరి రోజులు అల్జీరియాలో గడిచాయి. 1934లో అక్కడే, డెబ్భై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు హౌసింగ్ కొనేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు బూటాన్ ఎప్పుడో అడిగారు. ఎంత లోతుకి వెళ్తాం? సాధారణంగా ప్లాస్టిక్ పెట్టెలు 40 మీటర్ల దాకా, అల్యూమినియంవి 100 మీటర్ల దాకా పనికొస్తాయి. అద్దం ఎలాంటిది? సమతలంగా ఉంటే వస్తువు నాలుగో వంతు దగ్గరగా కనబడుతుంది, వెడల్పు లెన్సుకి గుండ్రటి డోమ్ కావాలి. మీటలు చేతికి అందుతాయా? దీపం తగిలించడానికి చోటుందా? నీరు ఎర్ర రంగుని ముందే మింగేస్తుంది కాబట్టి దీపం తప్పదు. ఇక రబ్బరు తిత్తి స్థానంలో ఇప్పుడు ఓ-రింగ్ వచ్చింది. దాని మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, కెమెరా పోయినట్టే. అందుకని మొదటిసారి కెమెరా లేకుండా ఖాళీ పెట్టెనే నీళ్ళలో ముంచి, పైకి తీసి, లోపల తడి ఉందేమో చూసుకోవాలి.