హెన్రీ డార్సీ

హెన్రీ డార్సీ (జూన్ 10, 1803 - జనవరి 3, 1858) ఫ్రాన్సు దేశానికి చెందిన ఇంజనీరు. ఇసుక గుండా నీరు ప్రవహించే తీరును తెలిపే డార్సీ నియమాన్ని కనుగొన్నాడు. భూగర్భజల ప్రవాహాన్ని అంచనా వేసే కంప్యూటరు నమూనాలకు ఈ నియమమే ఆధారము.

బాల్యము, విద్య

డార్సీ డిజోన్ నగరములో జన్మించాడు. 1817లో తండ్రి మరణించగా, తల్లి అప్పు చేసి చదువు చెప్పించింది. 1821లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరి, తరువాత వంతెనలు, రహదారుల ఇంజనీరింగు విద్యను అభ్యసించాడు.

డిజోన్ నీటి సరఫరా

ఆ రోజులలో డిజోన్ వాసులకు మంచినీరు కరువు. డార్సీ రోజ్వార్ ఊట నుండి సుమారు 12 కిలోమీటర్ల పొడవున కప్పు గల కాలువ నిర్మించి, 1840లో నగరానికి నీటిని తెచ్చాడు. వీధులలో భూమిలోపల గొట్టాలు వేయించాడు. ఇంతటి పనికి తనకు రావలసిన ప్రతిఫలాన్ని వదులుకొని, బంగారు పతకముతోను, తన ఇంటికి జీవితకాలపు ఉచిత నీటితోను తృప్తి పడ్డాడు.

డార్సీ నియమము

1848 విప్లవము తరువాత డార్సీ డిజోన్ విడిచి వెళ్ళవలసి వచ్చింది. కొంతకాలము పారిస్ నీటి సరఫరాను పర్యవేక్షించాడు. ఆరోగ్యము క్షీణించడంతో ఆ బాధ్యత నుండి తప్పుకొని, 1855లో డిజోన్ ఆసుపత్రి ఆవరణలో ఇసుకతో ప్రయోగాలు చేశాడు. సుమారు 35 సెంటీమీటర్ల వ్యాసము గల నిలువు గొట్టములో ఇసుక నింపి, దాని గుండా నీటిని పంపి, పైనా క్రిందా పీడనాన్ని కొలిచాడు. నీటిని వడకట్టే ఇసుక పొరల రూపకల్పనయే ఆయన ముఖ్యోద్దేశము. ప్రవాహ పరిమాణము ఇసుక అడ్డుకోత వైశాల్యానికి, రెండు చివరల జలమట్టాల తేడాకు అనులోమానుపాతములోను, పొర మందానికి విలోమానుపాతములోను ఉంటుందని తేలింది. ఇంత ముఖ్యమైన ఫలితము 1856లో వెలువడిన డిజోన్ నీటి సరఫరా గ్రంథములో ఒక అనుబంధముగా మాత్రమే చోటు చేసుకుంది.

కంప్యూటరు నమూనాలు

డార్సీ నియమానికి ద్రవ్య నిత్యత్వ సూత్రాన్ని జోడిస్తే భూగర్భజల ప్రవాహ సమీకరణము వస్తుంది. నేల పొరలు చోటుచోటుకీ మారుతాయి కనుక దీనిని చేతితో సాధించడము చాలావరకు అసాధ్యము. అందువలన కంప్యూటరులో ఆ ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విభజిస్తారు. ప్రక్కప్రక్క గడుల మధ్య ప్రవాహాన్ని డార్సీ నియమముతో లెక్కించి, వాన, బావుల తోడకము చేర్చి, ప్రతి గడిలోని నీటిమట్టాన్ని కనుగొంటారు. అమెరికా భూవిజ్ఞాన సర్వే 1984లో వెలువరించిన మాడ్‌ఫ్లో ఇటువంటిదే.

అయితే నియమము వర్తించేది నెమ్మదిగా సాగే ప్రవాహాలకే. తెలంగాణలోని నల్లరాతి నేలలలో నీరు పగుళ్ళ వెంట పోతుంది. ఇసుకకు సరిపోయిన లెక్క అక్కడ యథాతథముగా సరిపోదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరం ప్రాంతములో ఇటువంటి శిలలలోని జలాన్ని పరిశీలించింది. పగుళ్ళను కొలవకుండా వేసిన నమూనా ఎంత అందముగా ఉన్నా నమ్మదగినది కాదు.

మరణము

డార్సీ 1858లో పారిస్‌లో ఊపిరితిత్తుల వాపుతో మరణించాడు. డిజోన్‌లోని ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు. శిలల పారగమ్యతను కొలిచే ప్రమాణాన్ని కూడా డార్సీ అనే పిలుస్తారు.