చీము గుడ్డల్లో దొరికిన డి.ఎన్.ఏ. – ఫ్రెడరిక్ మీషర్ గారి జీవితం

ఈ నెల గోడపత్రికకు నేను ఫ్రెడరిక్ మీషర్ గారి జీవిత చరిత్ర రాస్తున్నాను. డి.ఎన్.ఏ. అనగానే అందరూ వాట్సన్, క్రిక్ అంటారు. వాళ్ళు 1953లో దాని ఆకారం చెప్పేరు. కానీ ఆ పదార్థాన్ని మొట్టమొదట కణంలోంచి బయటికి తీసినాయన మీషర్ గారు. అది 1869లో. అంటే 84 సంవత్సరాల ముందే.

మీషర్ గారు 1844 ఆగస్టు 13న స్విట్జర్లాండ్ దేశంలో బాసెల్ అనే పట్టణంలో జన్మించారు. ఆ ఊరు రైన్ నది ఒడ్డున ఉంది. తండ్రి డాక్టరు, ఆయనే కాలేజీలో పాఠాలు కూడా చెప్పేవారు. మేనమామ విల్‌హెల్మ్ హిస్ గారు పెద్ద శాస్త్రవేత్త. ఇంట్లో అందరూ చదువుకున్నోళ్ళే, మనలాగ కాదు. ఈయన కూడా 1868లో డాక్టరు చదువు పూర్తి చేసేరు. అయితే ఒక ఇబ్బంది ఉంది. చిన్నప్పుడు జబ్బు చేసి ఆయనకి వినికిడి తగ్గిపోయింది. రోగి గుండె మీద గొట్టం పెట్టి వినాలంటే చెవి బాగుండాలి కదా.

నాక్కూడా ఎడమ చెవి మందం. చిన్నప్పుడు చీము కారేది, మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె వేసేది. నర్సు అవుతానంటే గుండె చప్పుడు ఎలా వింటావే అని ఒకరు నవ్వేరు. అందుకని సైన్స్ మాస్టారు ఈయన కథ మొదలుపెట్టగానే నేను ముందు బెంచీకి వెళ్ళిపోయి కూర్చున్నాను.

మేనమామ మాట విని మీషర్ గారు వైద్యం మానేసి, కణం దేనితో తయారైందో తెలుసుకోవాలనుకున్నారు. జర్మనీలో ట్యూబింజెన్ అనే ఊరికి వెళ్ళి హొప్పె సైలర్ గారి దగ్గర చేరేరు. ఆ ప్రయోగశాల ఒక పాత కోటలో ఉంది. మీషర్ గారు పని చేసిన గది ఒకప్పుడు కోట వంటిల్లు! మన ల్యాబ్ చిన్నదని మనం అనుకుంటాం.

మొదట శోషరస గ్రంథుల నుంచి తెల్ల కణాలు తీద్దామనుకున్నారు. అవి చాలినన్ని దొరకలేదు. అప్పుడు పక్కనున్న ఆసుపత్రి నుంచి పుళ్ళకి కట్టి విప్పేసిన గుడ్డలు తెప్పించేరు. ఆ రోజుల్లో పుండుని మందుతో శుభ్రం చేసే పద్ధతి ఇంకా అన్నిచోట్లకీ రాలేదు, అందుకని చీముకి కొదవ లేదు. చీము అంటే ఏంటో నాకు అంతవరకు తెలీదు. అది మన ఒంట్లో రోగంతో పోరాడడానికి వచ్చి చచ్చిపోయిన తెల్ల రక్తకణాల కుప్ప. నా చెవిలోంచి కారిందీ అదే.

కుళ్ళి కంపు కొట్టేవి పక్కన పడేసి, మిగతా గుడ్డల్ని ఆయన స్వయంగా కడిగేరు. మామూలు ఉప్పునీళ్ళలో కణాలు ఉబ్బి జిగటగా అయిపోయాయి. సోడియం సల్ఫేట్ నీళ్ళతో కడిగితే కుదిరింది. తర్వాత కణాల్లోని మాంసకృత్తుల్ని కరిగించాలి. దానికి పంది పొట్టలోంచి జీర్ణరసం తీసి పోసేరు. పంది పొట్ట మనకి కొత్తది కాదు, పండగల్లో చూసిందే. (మేడం గారు క్షమించాలి.) మాంసకృత్తులు కరిగిపోయినా కేంద్రకాలు మిగిలేయి. వాటిలోంచి ఒక తెల్లటి పదార్థం వచ్చింది. ఆమ్లం పోస్తే ముద్దకట్టింది, క్షారం పోస్తే మళ్ళీ కరిగింది. అందులో భాస్వరం చాలా ఉంది, గంధకం లేదు. మాంసకృత్తుల్లో గంధకం ఉంటుంది. కాబట్టి ఇది వేరే ఏదో! కేంద్రకంలో దొరికింది గనక న్యూక్లియిన్ అని పేరు పెట్టేరు. అప్పటికి ఆయన వయసు 24.

గురువు గారు వెంటనే నమ్మలేదు. తన చేత్తో ప్రయోగమంతా మళ్ళీ చేసి చూసి, 1871లో అచ్చు వేయించారు. రెండేళ్ళు ఆగాలంటే నాకైతే ఏడుపొచ్చును. కానీ గురువు గారు చేసింది సరైనదే అని నాకు అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మేం కూడా క్లాసులో డి.ఎన్.ఏ. తీసేం. బాగా ముగ్గిన అరటిపండు సగం ముక్క చేత్తో మెత్తగా పిసికేం. అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు ఉప్పు, రెండు చెంచాల షాంపూ నురగ రాకుండా కలిపి అందులో పోసేం. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో ఉంటుంది, జిడ్డు గిన్నె తోమినట్టు షాంపూ దాన్ని విడగొడుతుంది. పావుగంట ఆగి పల్చటి గుడ్డలో వడకట్టేం. మన సీతంపేట అనాస రసం నాలుగు చుక్కలు వేసేం. అనాస ఎక్కువ తింటే నాలుక మండుతుంది కదా, అందులో మాంసకృత్తుల్ని కోసే పదార్థం ఉంది. అంటే పంది పొట్ట బదులు అనాస! చివరికి ఐసులో పెట్టి చల్లార్చిన స్పిరిట్ గ్లాసు అంచు నుంచి మెల్లగా జార్చేం. డి.ఎన్.ఏ. స్పిరిట్‌లో కరగదు, ఉప్పు ఉండబట్టి ఒకదానికొకటి అంటుకుంటుంది. రెండు నిమిషాలకి తెల్లగా దూదిపోగుల్లాగ పైకి తేలింది. నేనే పుల్లకి చుట్టి తీసేను.

అది చూసి అందరం గంతులేసేం. మాస్టారు మాత్రం ఇది అచ్చంగా డి.ఎన్.ఏ. ఒక్కటే కాదు, పండులోని వేరే పదార్థాలూ కలిసి ఉన్నాయి అని చెప్పేరు. తెల్లపోగు తీయడం గంట పని. అది ఇంతకు ముందు ఎవరికీ తెలియని పదార్థం అని రుజువు చెయ్యడమే మీషర్ గారి అసలు కష్టం.

తర్వాత ఆయన బాసెల్ వెళ్ళి 1872లో ప్రొఫెసర్ అయ్యేరు. రైన్ నదిలోకి సముద్రం నుంచి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి వచ్చేవి. మగ చేప బీజకణంలో ఎక్కువ భాగం కేంద్రకమే, అందుకని ఆయనకి అవి చీము కంటే మంచివి. న్యూక్లియిన్ వెచ్చగా ఉంటే పాడైపోతుందని చలికాలంలో, తెల్లవారకముందే, వణికే గదిలో పని చేసేవారు. మనం జనవరిలో చన్నీళ్ళ స్నానానికే గొడవ చేస్తాం.

1889లో ఆల్ట్‌మన్ అనే ఆయన న్యూక్లియిన్‌కి న్యూక్లిక్ ఆమ్లం అని పేరు మార్చేరు. మీషర్ గారికి క్షయ వచ్చింది. అప్పటికి దానికి మందు లేదు. ఇప్పుడు ఆరు నెలలు వరసగా మాత్రలు మింగితే చాలామందికి నయమవుతుంది. ఆయన దావోస్ అనే కొండ ఊళ్ళో 1895 ఆగస్టు 26న చనిపోయేరు. వయసు 51. రాసిన కాగితాలన్నీ మేనమామ గారు 1897లో పుస్తకంగా వేయించారు. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకి తెచ్చేది ఈ పదార్థమే అని ఏవరీ గారి బృందం 1944లో బేక్టీరియా మీద చూపించింది. అప్పటికి మీషర్ గారు పోయి 49 ఏళ్ళు.

చేపల నుంచి ఆయన తీసిన న్యూక్లియిన్ ఒక గాజు గొట్టంలో ట్యూబింజెన్‌లో ఇప్పటికీ దాచి ఉంచారు. మా గ్లాసు కూడా దాచుదామని అడిగేం గానీ, మర్నాడు మజ్జిగకి గ్లాసులు చాలలేదని కడిగేసేం. పుల్లకి చుట్టిన పోగు మాత్రం చిన్న మందు సీసాలో స్పిరిట్ పోసి ల్యాబ్ కిటికీలో పెట్టేను. చూడాలనుకున్నోళ్ళు రండి, మూత తియ్యకండి.