కత్తెరతో రంగులు కోసిన చిత్రకారుడు హెన్రీ మతీస్

మన హాస్టల్లో చదివినవాళ్ళలో పోస్టర్ కలర్ సీసా ముట్టనివాడు ఉండడేమో. ఆగస్టు పదిహేనుకీ, వార్షికోత్సవానికీ, గోడపత్రికకీ ఆ చిన్న సీసాలే మనకు దిక్కు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు స్టేజీ వెనక కట్టే తెరమీద సూర్యోదయం వేసే పని మా గదికి వచ్చింది. నీలం ఆకాశం వేసి, అది ఆరకముందే పసుప్పచ్చ సూర్యుణ్ణి పెట్టాం. సూర్యుడు ఆకుపచ్చగా తేలాడు. దాన్ని దిద్దబోయి ఎరుపు కలిపితే బురద రంగయింది. సీసాలన్నీ అడుగంటాయి. చివరికి ఒక సీనియర్ అన్న మిగిలిన కాస్త పసుపు రంగును ఒక చార్టు ముక్కకి పూసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి ఆ బురదమీద అతికించాడు. మర్నాడు వెనక వరసలో కూర్చుని చూస్తే ఆ సూర్యుడు మేం అనుకున్నదానికన్నా ఎక్కువ వెలిగాడు.

ఎందుకు వెలిగాడో అప్పుడు నాకు తెలియలేదు. పీజీలో చేరాక యూనివర్సిటీ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం హెన్రీ మతీస్ బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. ప్రపంచమంతా పికాసోతో సమానంగా చెప్పుకునే ఆ చిత్రకారుడు ముసలితనంలో చేసింది సరిగ్గా మా అన్న చేసిన పనే. రంగు పూసిన కాగితాన్ని ఆరబెట్టి, కత్తిరించి, అతికించడం. అందుకే తమ్ముళ్ళూ, ఈ సంచికలో ఆయన జీవితం గురించి మీకు చెప్పాలనిపించింది.

మతీస్ 1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్సులోని ల కాతో అనే ఊళ్ళో పుట్టాడు. పెరిగింది బొఅయ్ఁ అనే చిన్న పట్టణంలో. అది నేతగాళ్ళ ఊరు. పారిస్ ధనవంతుల కోసం పట్టు బట్టలు, మఖమల్ అక్కడి మగ్గాలమీద నేసేవారు. తండ్రిది విత్తనాల కొట్టు. అదే కొట్టులో ఇళ్ళకు వేసే రంగులు కూడా అమ్మేవారు. ఆ రంగుల సంగతి తల్లి చూసుకునేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఏ గోడకి ఏ రంగు నప్పుతుందో ఆమెను అడిగేవారు. ఆమే కలిపి ఇచ్చేది. మతీస్‌కి రంగుల మొదటి గురువు ఎవరని నన్నడిగితే ఆ తల్లి పేరే చెబుతాను.

కానీ అతన్ని చదివించింది చిత్రకళ కాదు, లా. 1887లో పారిస్ పంపారు. పరీక్ష పాసై తిరిగొచ్చి సెయింట్ క్వెంటిన్ అనే పట్టణంలో ఒక లాయరు దగ్గర గుమాస్తాగా కుదిరాడు. కాగితాలకు నకళ్ళు రాయడం పని. ఆ ఊళ్ళో బట్టల డిజైన్లు వేసే పనివాళ్ళ కోసం నడిపే డ్రాయింగ్ స్కూలు ఒకటి ఉండేది. ఆఫీసు తెరవకముందు, పొద్దున్నే అక్కడికి వెళ్ళి బొమ్మలు గీసి వచ్చేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో కడుపు జబ్బు చేసి నెలల తరబడి మంచాన పడ్డాడు. పొద్దుపోవడానికి తల్లి ఒక రంగుల పెట్టె తెచ్చి ఇచ్చింది. మంచం దిగాక అతను మళ్ళీ మనస్ఫూర్తిగా గుమాస్తా కాలేకపోయాడు. 1891లో ఉద్యోగం వదిలి బొమ్మలు నేర్చుకోవడానికి పారిస్ వెళ్ళిపోయాడు. తండ్రికి అది చాలా కష్టం కలిగించింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మహానుభావుల జీవితాలు చదివేటప్పుడు ఉద్యోగం వదిలేశాడు అన్న మాట చాలా తేలిగ్గా దాటిపోతాం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. రేపు ఒక గుమాస్తా ఉద్యోగం వస్తే దాన్ని వదలడం సంగతి అటుంచి, ఒక రోజు సెలవు పెట్టడానికి కూడా మా అమ్మ ఒప్పుకోదు. ఆమె కూలిడబ్బులు లెక్కపెట్టుకున్న రోజులు నాకు తెలుసు కాబట్టి నేనూ పెట్టను. మతీస్‌కి వెనక ఒక కొట్టు ఉంది. అలాగని ఆయన కష్టపడలేదని కాదు. 1892లో ప్రభుత్వ చిత్రకళా విద్యాలయం ప్రవేశ పరీక్షలో తప్పాడు. గుస్తావ్ మొరో అనే ఉపాధ్యాయుడు తన దగ్గర చేర్చుకుని, లూవ్ర్ మ్యూజియంకి వెళ్ళి పాత బొమ్మలకు నకళ్ళు తీయమన్నాడు. అలా తీసిన నకళ్ళు కొన్నిటిని ప్రభుత్వం కొనేది. నకలు రాసే పని ఆయన్ని అక్కడ కూడా వదల్లేదు. కాకపోతే ఈ నకళ్ళు ఆయనకి ఇష్టమైనవి.

1898లో అమేలీని పెళ్ళి చేసుకున్నాడు. మరుసటి ఏడాది, ఇంట్లో డబ్బు లేని రోజుల్లో, సెజాన్ వేసిన ముగ్గురు స్నానం చేసే స్త్రీల చిత్రాన్ని వాయిదాలమీద కొన్నాడు. అందుకోసం అమేలీ తన ఉంగరం తాకట్టు పెట్టిందనీ, తర్వాత దాన్ని విడిపించుకోలేకపోయారనీ చెబుతారు. ఇల్లు గడవడానికి ఆమె టోపీల కొట్టు పెట్టింది. ఆయన 1900లో పారిస్ ఎగ్జిబిషన్ భవనంలో గోడల అలంకరణకి రోజుకూలీగా ఆకులు చిత్రించాడు. ఆ సెజాన్ బొమ్మని మాత్రం 37 ఏళ్ళు దగ్గర పెట్టుకుని, 1936లో పారిస్ నగరానికి కానుకగా ఇచ్చేశాడు. గొప్పవాడి పక్కన ఎవరి ఉంగరం పోయిందో కూడా మనం రాసుకోవాలి. అందుకే ఈ సంగతి ఇంత చెప్పాను.

ఇక రంగుల శాస్త్రం. ఇది కొంచెం ఓపికగా చదవండి. పారిస్‌లో గోబెలాఁ అనే ప్రభుత్వ నేతశాల ఉంది. గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలు అక్కడ నేసేవారు. 1824 నుంచి అక్కడి అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్. నల్లదారం సరిగ్గా నల్లగా రావడం లేదని ఆయనకి ఫిర్యాదులు వచ్చేవి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. నలుపు పక్కన నేసిన రంగే దాన్ని పేలవంగా చూపిస్తోంది. అంటే మన కంటికి కనిపించే రంగు ఆ దారంలో ఉన్నదొక్కటే కాదు, పక్క దారాన్నిబట్టి కూడా మారుతుంది. 1839లో ఆయన దీనిమీద పెద్ద పుస్తకం రాశాడు. మీరూ చూడవచ్చు. బూడిదరంగు కాగితం నుంచి రెండు సమానమైన చదరపు ముక్కలు కత్తిరించి, ఒకటి ఎర్ర కాగితంమీద, ఒకటి పచ్చ కాగితంమీద పెట్టండి. ఎరుపుమీద ఉన్నది కాస్త పచ్చగా, పచ్చమీద ఉన్నది కాస్త ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు పక్కన పచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. మా బురద ఆకాశం నీలం ఎక్కువై కొంచెం ఊదాకి తిరిగి ఉంటుంది. అందుకే సూర్యుడు వెలిగాడు.

షెవ్రల్ సూత్రాల్ని పట్టుకుని రంగుల్ని చుక్కలు చుక్కలుగా పక్కపక్కన పెట్టే చిత్రకారులు కొందరు బయలుదేరారు. వారిలో ఒకడైన సిన్యాక్ దగ్గర 1904లో మతీస్ ఒక వేసవి గడిపాడు. ఆ పద్ధతిలో ఒక పెద్ద బొమ్మ వేశాడు కూడా. కానీ చుక్కల లెక్క ఆయనకి సరిపడలేదు. మరుసటి వేసవి కొలియూర్ అనే సముద్రతీరపు పల్లెలో చుక్కల్ని వదిలి రంగుల్ని మడులు మడులుగా పరిచాడు. 1905లో పారిస్ ప్రదర్శనలో టోపీ పెట్టుకున్న అమేలీ బొమ్మ పెడితే జనం నవ్వారు. ముఖంమీద పచ్చ, ఊదా రంగులేమిటని. ఒక విమర్శకుడు ఈ గుంపుని క్రూరమృగాలతో పోల్చాడు. ఆ పేరే వాళ్ళకి స్థిరపడింది. ఆ బొమ్మని స్టీన్ కుటుంబం 500 ఫ్రాంకులకి కొన్నది.

1908లో ఒక భోజనాల గది బొమ్మని నీలంగా పూర్తిచేసి, మాస్కో వ్యాపారి షుకిన్ దాన్ని కొనుక్కున్నాక కూడా, మొత్తం ఎరుపుగా మార్చేశాడు. బల్లా గోడా రెండూ ఎరుపే. గీతలవే, పళ్ళవే, రంగు మారేసరికి గదే మారిపోయింది. ఆ తర్వాత మొరాకో వెళ్ళాడు, నీస్ నగరంలో స్థిరపడ్డాడు, తాహితీ దాకా ప్రయాణం చేశాడు. పేరూ డబ్బూ బాగా వచ్చాయి. ఆ సంవత్సరాల్ని ఇంతటితో వదిలేస్తాను.

1930లో అమెరికాలో బార్న్స్ అనే ఆయన తన భవనంలో కిటికీలపైన గోడకి బొమ్మ అడిగాడు. అంత పెద్ద బొమ్మలో ఒక రంగు మార్చాలంటే అంతా గీకి మళ్ళీ వేయాలి. అందుకని మతీస్ రంగు పూసిన కాగితాల్ని కత్తిరించి పిన్నులతో గుచ్చి, అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు. సగం దారిలో గోడ కొలతలు తప్పు పట్టుకున్నారని తెలిసింది. మళ్ళీ మొదటినుంచి వేశాడు. అప్పటికి కత్తెర ఆయనకి లెక్క చూసుకునే పలక మాత్రమే.

1941లో ఆయనకి పేగుల్లో క్యాన్సర్‌కి లియోన్‌లో ఆపరేషన్ జరిగింది. బతుకుతాడనుకోలేదు. బతికాడు గాని, ఎక్కువసేపు నిలబడలేడు, ఈజిల్ ముందు పనిచేయలేడు. 71 ఏళ్ళు. మంచంమీదా, చక్రాల కుర్చీలోనూ కూర్చుని కత్తెర పట్టుకున్నాడు.

ఆయన వాడిన రంగు పేరు గ్వాష్. రంగుపొడిని తుమ్మబంకతో కలిపి నీటిలో కరిగేలా చేసినది. మామూలు వాటర్ కలర్‌లో కింద కాగితం కనిపిస్తుంది. గ్వాష్ కాగితాన్ని కప్పేస్తుంది. ఆరాక మెరుపు ఉండదు, నేసిన గుడ్డలా నిండుగా ఉంటుంది. మన పోస్టర్ కలర్ దీనికి చవకరకం చుట్టం. దీంతో ఒక చిక్కుంది. తడిగా ఉన్నప్పటి రంగు వేరు, ఆరాక వేరు. లేత రంగులు ఆరితే కొంచెం ముదురుతాయి, ముదురువి కొంచెం వెలుస్తాయి. తడిలో చూసి పక్క రంగు నిర్ణయిస్తే మోసపోతాం. మతీస్ పద్ధతిలో ఈ చిక్కు లేదు. సహాయకులు తెల్ల కాగితాలనిండా గ్వాష్ పూసి ఆరబెట్టేవారు. ఆయన పెద్ద కత్తెరతో నేరుగా ఆ రంగులోకే కోసేవాడు. ముందు గీత, తర్వాత రంగు అన్న వరస పోయింది. కోత పడినచోటే గీత. ముక్కల్ని సహాయకులు గోడకి పిన్నులతో గుచ్చేవారు. ఆయన మంచంమీంచి కొంచెం పైకి, కొంచెం పక్కకి అని చెబుతూ ఉంటే మార్చేవారు. రోజుల తరబడి చూసి, మళ్ళీ మార్పించేవాడు. రంగు పూసిన ఆ చేతుల్లో చాలావాటి పేర్లు మామూలు పాఠకులకు తెలియవు. లిదియా దెలెక్టొర్స్కయా పేరు మాత్రం మిగిలింది.

ఇలా చేసిన బొమ్మలతో 1947లో జాజ్ అనే పుస్తకం వచ్చింది. 20 బొమ్మలు. అచ్చులో రంగు మారకూడదని అదే గ్వాష్‌ని స్టెన్సిల్‌తో చేత్తో అద్దించారు. సర్కస్, ఈత, ఎగిరే మనుషులు, అంతా పండగలా ఉంటుంది. ఆ బొమ్మలు కోస్తున్న రోజుల్లోనే, 1944లో, జర్మన్ సైన్యానికి వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసినందుకు అమేలీనీ, కూతురు మార్గరీత్‌నీ గెస్టపో పట్టుకుపోయింది. అమేలీ అప్పటికే ఆయన నుంచి విడిపోయి ఉంది. ఆమె ఆరు నెలలు జైల్లో ఉంది. కూతుర్ని చిత్రహింసలు పెట్టి జర్మనీ వెళ్ళే రైలెక్కించారు. అదృష్టం కొద్దీ దారిలోనే బయటపడింది. ఇంట్లో ఇంత జరుగుతుంటే అంత వెలుగు రంగులు ఎలా కోశాడని నాకు మొదట కోపమొచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ బొమ్మల్లో నల్ల ముక్కలు ఎన్ని ఉన్నాయో తర్వాత లెక్కపెట్టుకున్నాను.

ఆపరేషన్ తర్వాత సేవచేసిన నర్సుల్లో ఒకామె సన్యాసిని అయింది. ఆమె ద్వారా వాఁస్ అనే ఊళ్ళో ప్రార్థనాలయం కట్టే పని ఆయన చేతికొచ్చింది. 1951లో అది పూర్తయింది. కిటికీ అద్దాలకి మూడే రంగులు: నీలం, పచ్చ, నిమ్మపసుపు. నమూనాలు కాగితంతోనే కోశాడు. మొదటి రెండూ పక్కన పెట్టి మూడోది ఖాయం చేశాడు. గోడలు తెల్ల పలకలు, వాటిమీద నల్లగీతలు. రంగు గోడకి వేయలేదు. ఎండ ఎక్కితే అద్దంలోంచి అదే వచ్చి గోడమీద పడుతుంది.

1952లో ఒక ఎండరోజు ఈతగాళ్ళని చూద్దామని కాన్ వెళ్ళి, ఎండ భరించలేక తిరిగొచ్చి, భోజనాల గది గోడల చుట్టూ తెల్లకాగితం పట్టీ కొట్టించి, నీలం ముక్కలతో ఈతకొలను తానే కట్టుకున్నాడు. మరుసటి ఏడాది నత్త అనే బొమ్మ చేశాడు. ఎత్తూ వెడల్పూ దాదాపు మూడేసి మీటర్లు. అందులో నత్త కోసం వెతకొద్దు. పచ్చ, ఎరుపు, నారింజ, నీలం, పసుపు, ఊదా ముక్కలు ఒకదాని పక్కన ఒకటి నత్త గుల్లలా చుట్టు తిరుగుతుంటాయి. షెవ్రల్ జంటలన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడది లండన్‌లో టేట్ మ్యూజియం వారి సేకరణలో ఉంది.

1954 నవంబరు 3న నీస్‌లో మతీస్ కన్నుమూశాడు. గ్వాష్ రంగులు కొన్ని వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి ఆ కాగితాల్ని మ్యూజియాల్లో మసక వెలుతురులో ఉంచుతారు. దగ్గరికెళ్ళి చూస్తే పూసిన కుంచె చారలు కనిపిస్తాయట. ముక్కల అంచుల దగ్గర సన్నటి పిన్ను రంధ్రాలు కూడా ఉంటాయి, ఒక్కో ముక్కకి చాలా. జరిపినప్పుడల్లా పడ్డవి అవి.