వైద్యశాస్త్రజ్ఞులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

నల్లమల కొండల చెంత కృష్ణ విశాలముగా పరచుకొనియుండు మన సోమశిల వంటి పల్లెలు మొదలుకొని మహాపట్టణముల వఱకు, బడికి బోవు బాలబాలికలకు వారమున కొకమారు ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గలిపిన చిన్న నీలి మాత్ర నిచ్చు పద్ధతి మన దేశమున ఏర్పడియున్నది. గర్భవతులకును ఈ ద్రవ్యములే గల మాత్రల నిచ్చుచున్నారు. దానిని మ్రింగి మఱచువారే గాని, దాని చరిత్ర యేమని యడుగువారు అరుదు. ఆ మాత్రలోని ఫోలిక్ ఆమ్లమునకును ఒక తెలుగు బిడ్డ జీవితమునకును గల సంబంధమును ఈ సంచికలో విద్యార్థులకును తల్లిదండ్రులకును విన్నవింప దలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన గోదావరి మండలమందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము బీదది. పదుమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు చదువు చాలించి, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి బయలుదేరెనట. తల్లి వెదకించి, వెనుకకు రప్పించి, మరల బడికి పంపెను. అంతటితో కష్టములు తీరలేదు. మెట్రిక్యులేషన్ పరీక్షలో వారు రెండుమారులు తప్పిరి. మూడవమారు మదరాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పి తల వంచుకొని యింటికి వచ్చిన పిల్లవానిని చూచినపుడెల్ల మాకు ఈ సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును.

వారి సోదరులలో ఇరువురు స్ప్రూ అను ఉష్ణదేశపు సంగ్రహణి వ్యాధిచేత స్వల్పకాలములోనే మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కృశించి పోవు రోగమది. దానికి నాడు తగిన మందు లేకుండెను. ఈ దుఃఖము సుబ్బారావుగారి మనస్సున చెరగని ముద్ర వేసెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయముతో వారు మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. గాంధిమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించుట ఒక యాచార్యునికి రుచింపలేదు. తుదకు వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. కొంతకాలము మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి.

1922వ సంవత్సరమున సుబ్బారావుగారు భార్య శేషగిరిగారిని పుట్టినింట విడిచి, మామగారి తోడ్పాటుతోను, కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మనిధి సహాయముతోను అమెరికా చేరి, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించిరి. జీవనమునకై ఆసుపత్రిలో రాత్రివేళల కూలిపనివంటి చిన్న కొలువు చేసిరి. వారు వెడలిన పిమ్మట జన్మించిన కుమారుడు తండ్రి మొగము చూడకయే శైశవమున మరణించెను. భార్యాభర్తలు మరల కలిసికొన లేదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో గూడి, రక్తమందును మూత్రమందును గల భాస్వరమును కొలుచు విధానమును కనుగొని 1925లో ప్రకటించిరి. ఆ విధానము ప్రపంచమందలి ప్రయోగశాలలయందు వ్యాపించెను. దాని సహాయముననే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును మాంసకండరములయందు గుర్తించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే కాలమున ఏ.టి.పి.ని స్వతంత్రముగా కనుగొనెను. దీపమునకు చమురెట్లో జీవకణమునకు ఏ.టి.పి. అట్టిది. మన మెదడు ఆలోచించుటకును, జ్ఞాపకముంచుకొనుటకును కావలసిన శక్తి దీనివలననే లభించును. నేటి శాస్త్రజ్ఞులు తలను కోయకయే, అయస్కాంత యంత్రముల సహాయమున, బ్రతికియున్న మనుష్యుని మెదడులో ఈ రెండు పదార్థములు ఎంతెంత కలవో కొలువగలుగుచున్నారు. ఇంత చేసినను హార్వర్డులో సుబ్బారావుగారికి శాశ్వతోద్యోగము లభింపలేదు.

1940లో వారు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ గ్రామమున నున్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, పిదప అచ్చటి పరిశోధనలకు అధిపతియైరి. అచ్చటనే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు పని వారి నాయకత్వమున నెరవేరెను. ఇది ఆకుకూరలయందును కాలేయమునందును స్వల్పముగా నుండు విటమిను. 1945 తరువాత దీనిని స్ప్రూ రోగుల కీయగా క్షీణించిన రక్తము తిరిగి వృద్ధినొందెను. సోదరులను బలిగొన్న రోగమునకు వారి సోదరుని శ్రమఫలము ఔషధమైనది గదా!

ఆ విటమిను కథ అంతటితో ముగియలేదు. తల్లికడుపులో శిశువునకు మెదడును వెన్నుపామును కాబోవు గొట్టము మొదటి నాలుగు వారములలోనే మూసికొనును. అప్పటికి పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమని తెలియదు. ఆ గొట్టము సరిగా మూసికొననిచో శిశువు మెదడు లోపముతోనో వెన్ను లోపముతోనో పుట్టును. ఇట్టి శిశువును ముందొకమారు కనిన తల్లులను ఏడు దేశములలో 1,817 మందిని పరీక్షించి, గర్భమునకు ముందునుండియు ఫోలిక్ ఆమ్లమిచ్చినచో లోపము మరల కలుగుట నూటికి సుమారు డెబ్బది రెండు పాళ్లు తగ్గునని 1991లో ప్రకటించిరి. అందుచేతనే 1998నుండి అమెరికాలో పిండియందు దీనిని కలుపుట విధియయ్యెను.

అదే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులును వెలువడెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కేన్సరుతో మరణోన్ముఖులైన పదునారుగురు పిల్లలకు అమినోప్టెరిన్ ఇయ్యగా పదిమందికి కొంతకాలము గుణము కనిపించెనని 1948లో తెలిపెను. ఆ గుణము నిలువలేదు. ఆ రోగము మెదడు చుట్టు దాగి మరల తలయెత్తుచుండెను. రక్తములోని మందులు మెదడులోనికి సులభముగా చొరవు. అందుచే తరువాతి వైద్యులు మెథోట్రెక్సేటును వెన్నునీటిలోనికే ఎక్కించుట నేర్చిరి. ఈ విధమగు చికిత్సలన్నిటి ఫలముగా, మంచి వసతులుగల ఆసుపత్రులలో నేడు అట్టి పిల్లలు పదుగురిలో ఎనమండ్రుకు పైగా బ్రతుకుచున్నారు.

బోదకాలునకు కారణమగు పురుగులను చంపు హెట్రజాన్ అను మందు 1947లో వారి బృందము కనిపెట్టినదే. మన యూళ్లలో బోదకాలు రాకుండ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర అదియే. 1948లో ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకౌషధమును అచ్చటినుండియే లోకమునకు వచ్చెను. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో, ఏబది మూడేండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి.

వారు సభలలో ముందు నిలువక, పనివారినే ముందుంచిరి. భారత ప్రభుత్వము 1995లో వారి శతజయంతికి తపాలాబిళ్లను విడుదలచేసెను. అయినను మన ఇండ్లలో వారి పేరెరిగినవారు ఇప్పటికిని కొలదిమందియే. వారి జీవితమును మేము మచ్చలేని కథగా చెప్పజాలము. లోకమునకు ఇన్ని మందులు దొరకినవి. శేషగిరిగారికి మాత్రము భర్త దొరకలేదు. గొప్ప పనికి వెల యుండును. ఆ వెలను ఒక్కొక్కమారు ఇంటిలో మిగిలినవారు చెల్లింతురు. విద్యార్థులు ఈ రెంటిని మఱువరాదు.

రేపు వారపు మాత్ర చేతికందినపుడు, రెండుమారులు పరీక్ష తప్పిన యొక భీమవరపు బాలుని తలచుకొని, దానిని మ్రింగుడని మాత్రము కోరుచున్నాము.