జార్జి వెస్టింగ్‌హౌస్

రైలుబండికి వేగమెంత యవసరమో, వలసినప్పుడు ఆగుటయు నంత యవసరము. ఈ సత్యమును గుర్తించి కృషిచేసిన మహనీయుడు జార్జి వెస్టింగ్‌హౌస్. ఆయన 1846వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రిగారి యంత్రశాలలో బాల్యముననే పని నేర్చెను.

ఆ దినములలో రైలు నాపుటకు పనివారు పెట్టెనుండి పెట్టెకు పోయి చేతులతో బ్రేకులు బిగింపవలసి యుండెను. కదలుచున్న బండిపైనుండి జారిపడి పలువురు మరణించుచుండిరి. 1869లో వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకును నిర్మించెను. ఇంజనునుండి గొట్టముద్వారా వచ్చు గాలి బ్రేకుల నన్నింటిని బిగించెడిది. కాని గొట్టము తెగినచో బ్రేకులు పనిచేయవు. తన కల్పనలోని యీ లోపమును ఆయన ఉపేక్షింపలేదు. 1872లో ఆ పద్ధతిని తలక్రిందులు చేసెను. గొట్టములో ఒత్తిడి యున్నంతవరకు బ్రేకులు వదలియుండును. అది తగ్గినంతనే, ప్రతి పెట్టెక్రిందను నిలువయున్న గాలి వానిని బిగించును. గొట్టము తెగినచో రైలు తనంతట తానే ఆగును.

1881లో ఆయన స్థాపించిన సిగ్నళ్ల సంస్థ, విలియం రాబిన్సన్ కనిపెట్టిన పట్టాల విద్యుద్వలయమును వ్యాప్తికి తెచ్చెను. అందును తీగ తెగి విద్యుత్తు ఆగినచో సిగ్నలు ప్రమాదమునే సూచించును.

వెస్టింగ్‌హౌస్ 1914లో మరణించెను. పరికరము చెడినచో బండి ఆగవలెనను సూత్రమే నేటి నగర రైళ్ల స్వయంరక్షణ యంత్రములకును ఆధారము. తన పనిలోని లోపమును తానే వెదకి దిద్దుకొనిన ఆయన జీవితము మనకు ఆదర్శప్రాయము.